ఆడవాళ్ళ గది మిద్దె

నాలుగో రోజు పొద్దు నడినెత్తికి చేరేసరికి గచ్చు రంగు మారింది. తడి బూడిద రంగు పోయి, పెనం మీద నుంచి తీసి పక్కన పెట్టిన జొన్నరొట్టె అంచులా తెల్లబడింది.

బండలపల్లె రైల్వే స్టేషను మిద్దె మీద, ఆడవాళ్ళు వేచి ఉండే గదికి సరిగ్గా పైన, ఎనిమిది మంది స్త్రీలు రెండు వరుసలుగా గొంతుకూర్చుని, చేతిచెక్కలతో కొడుతూ, కొట్టిన మేర వెనక్కి జరుగుతున్నారు. ఒక వరుస చెక్కలు లేచినప్పుడు రెండో వరుస చెక్కలు దిగాలి. ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి జానెడు మందాన పరిచిన గచ్చు, మూడున్నర రోజుల దెబ్బలకు దిగి దిగి, బెత్తెడు మందానికి అణిగింది. వరుసల మధ్య అలివేలమ్మ కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళను చెంబుతో చిలకరిస్తూ తిరుగుతోంది. చిలకరించిన నీళ్ళు ఆమె వెనక్కి తిరిగేలోపే ఆరిపోతున్నాయి. ఫాల్గుణం దాటని ఎండ అది. గాలి మాత్రం వైశాఖపు గాలి.

నూటయాభై ఏళ్ళకు పైబడిన స్టేషను అది. ముందు వైపు ఏడు కమాన్ల వరండా. నల్లబండను నున్నగా చెక్కి, నూరిన సున్నంతో పేర్చిన కమాన్లు. ఒక్కొక్క కమాను నడిరాయి మీద ఒక్కొక్క పువ్వును చెక్కారు. ఏ పువ్వూ మరో పువ్వులా ఉండదు. లోపలి గదులకు టేకు దూలాలు, దూలాల మీద నిలువుగా పేర్చిన పలచటి ఇటుకలు, వాటి మీద గచ్చు. ఇనుము లేదు, సిమెంటు లేదు. ప్రొద్దుటూరు బస్సులు, జమ్మలమడుగు బస్సులు, పులివెందుల బస్సులు ఈ స్టేషను ముందే కలుస్తాయి. చిన్నపిల్లలతో బొంబాయి బండికి వచ్చిన ఆడవాళ్ళు, బండి ఆలస్యమైతే, ఆడవాళ్ళ గదిలో కొంగు పరచుకుని పడుకుంటారు. బయట నిప్పులు చెరిగే మధ్యాహ్నం కూడా ఆ గది నేల చల్లగా ఉంటుంది.

మొదటి రోజే ఇంజనీరు మసరత్ అందరినీ వరండాలో కూచోబెట్టి సంగతి చెప్పింది. ఈ ఒక్క గది మిద్దె నీళ్ళు కారకుండా నిలిస్తే, మిగిలిన ఆరు గదులనూ ఇదే పద్ధతిలో బాగుచేస్తారు. నిలవకపోతే పై కప్పులన్నీ విప్పి కాంక్రీటు పోస్తారు. రెండో మాట చెప్పేటప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూడలేదు.

వరుసలకు ఎదురుగా ఖాతూన్‌బీ నిలబడి ఉంది. ప్రొద్దుటూరు మనిషి, అరవై ఎనిమిదేళ్ళు. ఆమె చేతిలో చెక్క లేదు. కొంగు చివర బెల్లం ముడి ఉంది.

గచ్చు పనిలో, పని అయిందని చెప్పే హక్కు ఒక్కరికే ఉంటుంది. ఆమెను పెద్ద చెక్క అంటారు. పైన ఎండి అడుగున పచ్చిగా ఉన్న గచ్చు కంటిని మోసం చేస్తుంది, చేతిని కూడా మోసం చేస్తుంది. చెక్క గట్టిగానే ఎగురుతుంది. చెవిని మాత్రం మోసం చేయలేదు. పచ్చి గచ్చు మీద దెబ్బ మూటను తట్టినట్టు ఉంటుంది. అడుగు దాకా బిగిసిన గచ్చు ఖంగుమంటుంది. అప్పుడు మిద్దె పలికింది అంటారు. పలికిందని పెద్ద చెక్క తేల్చాక, కొంగుముడి విప్పి ఒక్కొక్కరి నోట్లో బెల్లం ముక్క పెడుతుంది. ఆ బెల్లం తినేదాకా ఎవరూ చెక్క దించరు. తిన్నవాళ్ళెవరూ ఆ మిద్దె మీద మళ్ళీ చెక్క ఎత్తరు.

మెట్ల మీద నుంచి శివశంకర్ తల కనిపించింది. కంట్రాక్టరు తరఫున పని చూసే సూపర్‌వైజరు అతను. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని గచ్చు మీద ఒక అడుగు వేయబోయి, ఆడవాళ్ళ చూపులకు ఆగిపోయాడు.

"ఏం పెద్దమ్మా, ఇంగెన్ని దినాలు? పెండ్లి పందిరి గూడా ఇంతసేపు ఎయ్యరు."

"పందిరి మూడు దినాలకు పీకేస్తారు సామీ," అంది అలివేలమ్మ చెంబు దించకుండానే. "ఇది పీకే మిద్దె గాదు."

ఆడవాళ్ళు నవ్వారు. ఖాతూన్‌బీ వాళ్ళ నవ్వు చూసి తానూ నవ్వింది. శివశంకర్ ఏమన్నాడో ఆమెకు తెలియలేదు. అతని మీసం పై పెదవిని పూర్తిగా కప్పేస్తుంది. మాట పట్టుకోవడానికి చోటు లేదు. కిందటి చలికాలంలోనే ఆమె ఎడమ చెవి పనిచేయడం మానింది. కుడి చెవిలో ఇప్పుడు వినిపించేది, నీళ్ళ తొట్టిలో తల ముంచినప్పుడు వినిపించేదాని కంటే ఎక్కువ కాదు. ఈ సంగతి ఆమె కోడలికి కూడా చెప్పలేదు. అడిగినదానికి అడిగినవాళ్ళ ముఖాన్ని బట్టి జవాబు చెబుతూ ఈ మూడు నెలలూ నెట్టుకొచ్చింది.

"రేపు పెద్ద సార్లు వస్తాండారు," అన్నాడు శివశంకర్, ఈసారి చేతులు తిప్పుతూ. "అయిందా, కాలేదా? అది చెప్పు చాలు."

అతని చేతులు అడిగిన ప్రశ్న ఆమెకు అర్థమైంది. ఖాతూన్‌బీ పక్కనున్న మనిషి చేతిలోని చెక్క తీసుకుని గచ్చు నడుమ గొంతుకూర్చుంది. వరుసలు ఆగాయి. మూడు చోట్ల మూడు దెబ్బలు వేసింది. చెక్క ఎగిరింది. మణికట్టు నుంచి మోచేతి దాకా అదురు పాకింది. చెవిలో ఏమీ లేదు.

అదే సమయంలో కింద సిమెంటు మూటల గూడ్సు బండి వెళ్ళింది. అది వెళుతున్నట్టు ఆమెకు మోకాళ్ళ ద్వారా తెలిసింది.

ఎనిమిది మందీ ఆమె నోటి వైపు చూస్తున్నారు. వాళ్ళలో ఎవరినైనా అడగవచ్చు. ఎట్లా పలికింది అని ఒక్క మాట అడిగితే చాలు. నలభై ఏళ్ళుగా ఆమెను ఆ మాట అడిగిన వాళ్ళే తప్ప, ఆమె ఆ మాట అడిగిన మిద్దె లేదు. ఖాతూన్‌బీ లేచి నిలబడి కొంగుముడి విప్పింది.

అలివేలమ్మ నోరు తెరిచింది. తరువాతి మనిషి తెరిచింది. వరుస చివర, ఈశాన్యం మూలన కూర్చున్న రేణుక తెరవలేదు. జమ్మలమడుగు పిల్ల, ఈ పనిలోకి వచ్చి రెండేళ్ళయింది.

"ఇంగా పలకలేదత్తా," అంది.

ఆ పెదవుల మీద మీసం అడ్డం లేదు. ప్రతి అక్షరమూ కనిపించింది.

"నీకు పలకలేదా, నాకు పలకలేదా?"

"అడుగున పచ్చిగా ఉందత్తా. నా మూలన గూడా మూట కొట్టినట్లే ఉండాది."

"నిన్నగాక మొన్న చెక్క పట్టినావు. నాకు చెవులు నేర్పిస్తాండావా మే?"

మిగిలిన ఏడుగురిలో ఇద్దరు తల దించుకున్నారు. వాళ్ళకూ అనుమానం ఉంది. కానీ అప్పటికే వాళ్ళ నోళ్ళలో బెల్లం కరిగిపోతోంది.

 రేణుక చెయ్యి చాపి బెల్లం ముక్కను అరచేతిలోకి తీసుకుంది. నోట్లో వేసుకోలేదు. కొంగు చివర పెట్టి, రెండు ముళ్ళు వేసి, నడుములో దోపుకుంది. ఖాతూన్‌బీ అది చూసింది. చూడనట్టు మెట్ల వైపు నడిచింది.

ఆ మరునాటి నుంచి పదిరోజుల పాటు గచ్చు మీద గడ్డి కప్పి నీళ్ళు చల్లడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. బస్సు సదుపాయం చూసుకుని శివశంకర్ రేణుకనే ఉండమన్నాడు.

*

వాన చెప్పకుండా వచ్చింది. రెండు వారాల తరువాత, ఒక తెల్లవారుజామున గంటసేపు కురిసి వెళ్ళిపోయింది. పదిగంటలకల్లా అలివేలమ్మ ప్రొద్దుటూరులో ఖాతూన్‌బీ ఇంటి గడప ముందు నిలబడి ఉంది.

"ఫోను జేస్తే ఎత్తవేంది? మూడుతూర్లు జేసినా."

ఖాతూన్‌బీ ఆమె చెప్పుల బురద చూసింది. ముఖం చూసింది. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"కారిందా?" అంది.

"కారడమా, జల్లెడ మాదిరి కారింది. దూలాలంతా తడిసిపోయినాయి. ఇప్పుడు ఆ వెంకటేశును పట్టుకున్నారు."

"ఎవుర్ని?"

"గానుగ వెంకటేశును. సున్నంలో బెల్లం సగమే పోసినాడంట, మిగతాది ఇంటికి మోసుకుపోయి ఎద్దులకు పెట్టినాడంట. సార్లు రాసుకుంటాండారు. ఇంగ ఆ మనిషిని యాడా పనికి పిలవరు." అలివేలమ్మ గడప మీద కూర్చుంది. "నవ్వొస్తాది గానీ, ఆ ఎద్దులను చూసినావు గదా. బెల్లం తిన్న మొకాలేనా అవి?"

ఖాతూన్‌బీ నవ్వలేదు. లోపలికి వెళ్ళి మంచి చీర కట్టుకుని వచ్చింది.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. వాన వెలిసిన చేలల్లో నల్లరేగడి మెరుస్తోంది. పక్కన అలివేలమ్మ పెదవులు దారి పొడుగునా కదులుతూనే ఉన్నాయి. ఒకచోట ఆమె ఏదో అడిగి, జవాబు కోసం ఆగింది. ఖాతూన్‌బీ తల ఊపింది. అలివేలమ్మ ఆశ్చర్యంగా ఆమె వైపు చూసి, తరువాత బండలపల్లె వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

ఆడవాళ్ళ గదిలో నాలుగు బకెట్లు పెట్టారు. ప్రయాణికులను బయటికి పంపించారు. ఇద్దరు తల్లులు పిల్లలతో కమాను కింద నిలబడి, లోపలి బెంచీల మీద ఆరేసిన తమ గుడ్డమూటల వైపు చూస్తున్నారు. పై కప్పు ఇటుకల సందుల నుంచి తెల్లటి నీళ్ళు దిగి, టేకు దూలాల మీద చారలు కట్టాయి. మూడో దూలం కింద నేల మీద సున్నం పేరుకుంది.

వెంకటేశు గది మధ్యలో నిలబడి ఉన్నాడు. పులివెందుల దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకునే కుటుంబం అతనిది; ఇప్పుడు కొంచెం చీనీకాయల తోట కూడా ఉంది. ఆ చుట్టుపక్కల సున్నం నూరే రాతి గానుగ అతని దగ్గరొక్కటే మిగిలింది. ఈ పని కోసం దాన్నీ ఎద్దులనూ లారీలో తెచ్చి స్టేషను వెనుక నిలిపాడు. తలకు చుట్టుకోవలసిన తువ్వాలు చేతిలో ఉంది. గోళ్ళ సందుల్లో సున్నం ఉంది.

"నా ఎద్దులు గడ్డి తింటాయి సార్," అంటున్నాడు. "బెల్లం నాకే దొరకదు."

"మరి నీళ్ళెట్ల దిగినాయి?" అన్నాడు శివశంకర్. "బ్రిటిషోని సున్నం నూటయాభై ఏండ్లుంటాది, నీ సున్నం పదైదు దినాలుండదు. ఏమప్పా, వాడు నీ కంటే బాగా నూరినాడా?"

"వాడు నూరలేదు సార్. వాని కాడ గూడా నా మాదిరోడే నూరినాడు."

మసరత్ బల్ల మీద కాగితాలు పెట్టుకుని కూర్చుంది. కడప నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళ అమ్మాయి. పై కప్పు నుంచి రాలిన గచ్చు పెళ్ళను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నొక్కి చూస్తోంది. పెళ్ళ పై భాగం రాయిలా ఉంది. అడుగు భాగం వేలికి దిగిపోతోంది.

ఖాతూన్‌బీ గదిలోకి వచ్చి నేరుగా పైకి చూసింది. ఒక్కొక్క దూలాన్నే చూసుకుంటూ నడిచింది. ఈశాన్యం మూలకు వచ్చి ఆగింది. అక్కడ ఇటుకలు ఎర్రగా, పొడిగా ఉన్నాయి. నాలుగు మంచాలు వేసుకునేంత మేర ఒక్క చుక్క తడి లేదు. గోడ దగ్గర రేణుక నిలబడి ఉంది.

"ఈ మూలను ఏం జేసినావు?"

రేణుక గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది. అందరి వైపూ చూసింది.

"నీళ్ళు జల్లేకి వచ్చినప్పుడల్లా, పొద్దున్నే కొంచెం సేపు కొట్టుకుంటా వచ్చినా. ఐదు దినాలు."

"బెల్లం పంచినాక చెక్క ఎత్తినావా?"

"నేను బెల్లం తినలేదు గదత్తా."

ఖాతూన్‌బీ ఆమె పెదవుల వైపు, ఆ మాట అయిపోయిన తరువాత కూడా, చాలాసేపు చూసింది. తరువాత బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సున్నంలో తప్పు లేదు," అంది. "వెంకటేశప్పను వదిలేయండి. తప్పు నా చెవుల్లో ఉండాది."

శివశంకర్ నవ్వాడు. "ఏం పెద్దమ్మా, జాలా? వానికి నీకు ఏం చుట్టరికం?"

ఆమె తల వంచుకుని ఉంది, అతని వైపు తిరగలేదు. మసరత్ కుర్చీలో నుంచి లేచి, చుట్టూ తిరిగి, ఆమె వెనక్కి వెళ్ళి నిలబడింది. "ఖాలా," అని, పిన్నిని పిలిచినట్టు పిలిచింది. కొంచెం ఆగి, ఇంకొంచెం గట్టిగా, "ఖాలా," అంది. కమాను కింద నిలబడిన తల్లులు తిరిగి చూశారు. ఖాతూన్‌బీ మాత్రం తల ఎత్తి, ఖాళీగా ఉన్న కుర్చీ వైపే చూస్తూ, అమ్మాయి యాడికి పోయిందా అన్నట్టు, కళ్ళతో వెతుక్కుంది.

 అలివేలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంకటేశు తువ్వాలును భుజం మీద వేసుకున్నాడు, మళ్ళీ తీశాడు.

మసరత్ ఆమె ఎదురుగా వచ్చి, చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. నెమ్మదిగా, పెదవులు కనిపించేలా అడిగింది.

"ఎన్నాళ్ళయింది?"

"చలికాలం నుంచి."

"మరి పనికి ఎందుకు ఒప్పుకున్నారు?"

ఖాతూన్‌బీ ఒడిలో చేతులు పెట్టుకుని వాటి వైపు చూసింది. "నేను రాకుంటే ఎవురినీ పిలిచేవాళ్ళు గాదు, బిడ్డా. పెద్ద చెక్క లేదు గదా అని సిమెంటు పోసేసేవాళ్ళు." కొంచెం ఆగి, "అది సగమే," అంది. "పెద్ద చెక్క అనిపించుకోకుండా నేను ఉండలేకపోయినా. ఈ పిల్ల చెప్పింది. పలకలేదని చెప్పింది. అందరి ముందర నోరు మూయించినా. అది గూడా రాయండి."

*

వాంగ్మూలాన్ని మసరత్ తెలుగులోనే రాసింది. రాసిన ప్రతి వాక్యాన్నీ ఖాతూన్‌బీ ముఖానికి ఎదురుగా నిదానంగా చదివింది. తన వినికిడి పోయినందువల్ల, అడుగు పచ్చిగా ఉండగానే పని పూర్తయిందని ఆమె చెప్పింది. సున్నంలోగానీ పాళ్ళలోగానీ లోపం లేదు. ఇది ఒకటి. రేణుక అనే కార్మికురాలికి ఈ విద్య తెలుసు. ఆమె ఆనాడే హెచ్చరించింది. ఆమె కొట్టిన ఈశాన్యం మూలలో నీరు దిగలేదు. ఇది రెండోది.

"రెండోదాన్ని ఇంగోతూరి చదువు," అంది ఖాతూన్‌బీ.

మసరత్ చదివింది. ఖాతూన్‌బీ కలం తీసుకుని, మదరసాలో నేర్చుకున్న నాలుగు అక్షరాలతో, కుడి నుంచి ఎడమకు సంతకం చేసింది. రేణుకకు ఆ కాగితం చూపించి, మసరత్ అందరితో చెప్పింది: "తొమ్మిది రోజులు చాలు. ఈ గచ్చు తీసేసి కొత్తగా పరుద్దాం. రేణుకను పెద్ద చెక్కగా పెట్టుకుందాం. నేను గట్టిగా రాస్తున్నా. ఒప్పుకుంటారు."

ఆ సాయంత్రం వరండాలో టీ తాగుతూ అలివేలమ్మ రేణుకను కొత్త పెళ్ళికూతురును ఆటపట్టించినట్టు ఆటపట్టించింది. "ఇంగ మనమంతా దీని నోటికల్లా జూడాల. మేయ్, నాకు బెల్లం పెద్దముక్క పెట్టాల, ఇప్పుడే జెప్తాండా." రేణుక సిగ్గుపడి గ్లాసులోకి చూసుకుంది. ఖాతూన్‌బీ తన చెక్కను తెచ్చి ఆమె పక్కన, గోడకు ఆనించి పెట్టింది.  ఆ చెక్క పిడి, ఒకే చెయ్యి నలభై ఏళ్ళు పట్టుకున్నందువల్ల, నడుము దగ్గర సన్నబడి ఉంది.

వెంకటేశు గానుగ గాడిలో పడిన వాననీళ్ళు తోడి, ఎద్దులను కట్టి, రెండు చుట్లు తిప్పి చూసుకున్నాడు.

*

ఐదోనాడు ఉత్తర్వు వచ్చింది.

మసరత్ దాన్ని అందరినీ పిలిచి చదవలేదు. ఖాతూన్‌బీని ఒక్కదాన్నే ఆడవాళ్ళ గదిలోకి తీసుకువెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది. బకెట్లు ఇంకా అక్కడే ఉన్నాయి; నీళ్ళు మాత్రం లేవు.

"ఏమని రాసినారు?"

మసరత్ కాగితం వైపు చూస్తూ మొదలుపెట్టి, గుర్తొచ్చి తల ఎత్తింది. "ప్రధాన కార్మికురాలు స్వయంగా ఒప్పుకున్నదాన్ని బట్టి, ఈ పద్ధతి తెలిసిన నిపుణులు ఈ ప్రాంతంలో ఇప్పుడు లేరని తేలుతున్నది. అందువల్ల ఏడు గదుల పై కప్పులూ తొలగించి, కాంక్రీటు వేయాలి."

ఖాతూన్‌బీ ఆమె పెదవులను చదవడంలో పొరపాటు పడ్డాననుకుంది. మళ్ళీ చెప్పమంది. మసరత్ మళ్ళీ చెప్పింది.

"లేరని నేను చెప్పలేదే. ఉందని చెప్పినా. రేణుక ఉందని చెప్పినా."

"చెప్పారు ఖాలా. నేనూ రాసినా. వాళ్ళు మొదటి మాట తీసుకున్నారు. రెండోది తీసుకోలేదు."

"రెంటికీ ఒకటే సంతకం గదమ్మా."

మసరత్ కాగితం మడిచింది. తిరిగి రాశానని, తానే వెళ్ళి అడిగానని, మూల చూపిస్తానన్నా ఎవరూ రాలేదని చెప్పవలసింది చాలా ఉంది. ఆమె పెదవులు కదిలాయి; కానీ అవి మాటలు కావు. ఖాతూన్‌బీ ఆమె తల మీద చెయ్యి వేసి, "నువ్వేం జేస్తావులే," అంది.

బయట వెంకటేశు ఎద్దులను లారీ ఎక్కిస్తున్నాడు. కాగితాల్లో అతని పేరు మీద గీత కొట్టేశారు. ఏ నిందా మిగల్లేదు. గానుగ రాయిని నలుగురు మనుషులు తాళ్ళతో లాగుతున్నారు. ఖాతూన్‌బీ దగ్గరికి రావడం చూసి అతను తాడు వదిలి వచ్చాడు.

"నా పేరు నిలబెట్టినావమ్మా," అన్నాడు. "గానుగ పండుకునింది."

అందులో నిష్ఠూరం ఉందో లేదో తెలుసుకోవడానికి గొంతు వినాలి. ఆమె ముఖమే చూడగలిగింది. ముఖంలో అలసట తప్ప ఏమీ కనిపించలేదు.

"ఎవురికన్నా అమ్ముతావా?"

"ఎవురు కొంటారు? తోటలో ఏసి పెడతా. మనుమరాండ్లు ఎక్కి ఆడుకుంటారు."

*

సోమవారం గడ్డపారలతో వచ్చారు. ఎవరి చెక్కలు వాళ్ళు తీసుకుపోవడానికని ఆడవాళ్ళను రమ్మన్నారు, తీసుకున్నవాళ్ళు వెళ్ళలేదు. ఎండలో, మిద్దె మీద, పిట్టగోడను ఆనుకుని నిలబడ్డారు. కింద ప్లాట్‌ఫారం మీద బొంబాయి బండి కోసం వచ్చిన ఆడవాళ్ళు రేకు పందిరి నీడలో కూర్చుని, నీడ జరిగినప్పుడల్లా తామూ జరుగుతున్నారు.

నలుగురు మనుషులు పడమటి వైపు నుంచి మొదలుపెట్టారు. గడ్డపార మొదటి పోటుకే దిగింది. పైన పెంకులాంటి పొర పగిలితే, అడుగున గచ్చు తడి బెల్లంలా విడిపోయింది. పెళ్ళలు పెళ్ళలుగా లేపి కిందికి విసిరేశారు. ఖాతూన్‌బీ ప్రతి పోటునూ చూసింది. తల తిప్పుకోవచ్చు, తిప్పుకోలేదు. గంటలో ముప్పాతిక మిద్దె అయిపోయింది; అడుగున పలచటి ఇటుకలు, వాటి సందుల్లో పాత కాలపు సున్నం బయటపడ్డాయి.

"చూసినావా పెద్దమ్మా," అన్నాడు శివశంకర్ దగ్గరికి వచ్చి, ఈసారి ఆమెకు ఎదురుగా నిలబడి. అతని గొంతులో ఎగతాళి లేదని అలివేలమ్మకు అనిపించింది. "దీనికా తొమ్మిది దినాలు అడిగింది?"

గడ్డపారలు ఈశాన్యం మూలకు చేరాయి.

మొదటి మనిషి ఎత్తి పొడిచాడు. గడ్డపార దిగలేదు. ఎగిరి, అతని చేతుల్లో అదిరి, పక్కకు పోయింది. అతను ఆగి అరచేతులు చూసుకున్నాడు. ఉమ్మేసుకుని, మళ్ళీ పొడిచాడు. మళ్ళీ ఎగిరింది. రెండో మనిషి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఒకే చోట పొడిచారు. తెల్లటి గీత పడింది తప్ప పెళ్ళ లేవలేదు. పిట్టగోడ దగ్గరున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా తలలెత్తారు. కింద వరండాలో మసరత్ నడుస్తున్నదల్లా నిలబడి పైకి చూసింది. శివశంకర్ అడుగు ముందుకు వేసి, వంగి ఆ గీతను చూశాడు.

ఖాతూన్‌బీకి ఏమీ వినిపించలేదు. ఆమె రేణుక వైపు తిరిగింది. గడ్డపార పడిన ప్రతిసారీ ఆ పిల్ల రెప్పలు వాలుతున్నాయి. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి; తుడుచుకోవడం లేదు. చేతిలో ఉన్న చెక్కను, సన్నబడిన ఆ నడుము దగ్గర, రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"ఎట్ల పలుకుతాంది?" అని అడిగింది ఖాతూన్‌బీ.

నలభై ఏళ్ళలో ఆమె ఆ మాట అడగడం అదే మొదలు. రేణుక చెప్పబోయింది. పెదవులు వణికి ఏ అక్షరమూ నిలవలేదు. చివరకు ఆమె ఖాతూన్‌బీ చెయ్యి పట్టుకుని, తన గొంతు కింద, ఎముక మీద ఆనించుకుంది. గడ్డపార మళ్ళీ పడింది.

ఆ ఖంగు అదురు రేణుక ఎముకలో నుంచి ఖాతూన్‌బీ అరచేతిలోకి పాకింది. ఆమె వంగి, రేణుక నడుములో దోపుకున్న కొంగు చివర బయటికి తీసింది. రెండు ముళ్ళు ఉన్నాయి. వేళ్ళు సహకరించకపోతే పళ్ళతో విప్పింది. లోపల ఆ నాటి బెల్లం ముక్క నల్లబడి, ఒకవైపు గుడ్డ అచ్చు పడి ఉంది. అంటుకున్న నూలుపోగును ఊడదీసింది.

"నోరు తెరువు," అంది.

రేణుక తెరిచింది.

మనుషులు నలుగురూ కలిసి పొడుస్తూనే ఉన్నారు. ఆ మూల విరిగేసరికి సాయంత్రమయింది.